గీత మీద పడ్డ బంతి



అంపైరు లేకుండా ఆడే మ్యాచ్‌ల కోసం అంతర్జాతీయ టెన్నిస్ సమాఖ్య విడిగా కొన్ని నియమాలు పెట్టింది. వాటిలో ముఖ్యమైనవి వినండి. నెట్‌కి మీ వైపు పడ్డ బంతి లోపల పడిందో బయట పడిందో చెప్పాల్సింది మీరే. బంతి పడగానే చెప్పాలి, అవతలివాళ్లకి వినపడేట్టు చెప్పాలి. అనుమానం ఉంటే ఆ అనుమానం అవతలివాళ్లకే కలిసిరావాలి. సర్వీసు చేసేవాళ్లు ప్రతి పాయింటుకీ ముందు స్కోరు పైకి చెప్పాలి.

ఇందులో ఎంత సాహసం ఉందో ఆలోచించండి. పాయింటు వల్ల ఎవరికి లాభమో నష్టమో కలుగుతుందో ఆ మనిషినే పిలిచి తీర్పు చెప్పమంటున్నారు. పొలం గట్టు తగాదాలో ఇద్దరు రైతుల్లో ఒకాయన్ని నిలబెట్టి, గట్టు ఎక్కడుందో నువ్వే చెప్పు బాబూ అంటే ఊరు ఒప్పుకుంటుందా? ఆటలో మాత్రం ఒప్పుకున్నారు. ప్రపంచంలో చాలామంది ఆడే ఆట ఇలాగే, అంపైరు లేకుండానే సాగుతుంది. మనం టీవీలో చూసే ఆట మిగిలిన కొద్దిమందిది.

2025 సంక్రాంతికి ఆత్రేయపురం దగ్గర ప్రధాన కాలువలో కాటన్ దొర పేరిట పడవ పందేలు జరిగాయి. పడవ పందెంలో ఏ పడవ ముందు గీత దాటిందో గట్టు మీదున్న అందరికీ కనపడుతుంది. అక్కడ మాట మార్చడానికి చోటు లేదు. నేను చెప్పబోయేది చూసే జనం లేని ఆటల గురించి. హైస్కూలు వెనకో, కొబ్బరితోట పక్క ఖాళీ స్థలంలోనో నాలుగు స్తంభాలకి లైట్లు కట్టి, రెండు గెడలకి నెట్ బిగించి ఆడే షటిల్ గురించి. పట్నాల్లో క్లబ్బు గోడల లోపల ఎర్రమట్టి మీద ఆడే టెన్నిస్ గురించి. ఆత్రేయపురం, రావులపాలెం, కొత్తపేట వైపు టెన్నిస్ ర్యాకెట్ కంటే షటిల్ బ్యాటే ఎక్కువ కనపడుతుంది, నిజమే. కానీ రెండు చోట్లా మర్యాద ఒకటే. నలుగురు ఆడుతుంటారు, మరో నలుగురు తమ వంతు కోసం బెంచీ మీద కూర్చుని ఉంటారు. తీర్పు చెప్పేవాడు విడిగా ఉండడు.

మన డెల్టా నేల వానకి బురద, ఎండకి బీటలు. అందుకని టెన్నిస్ కోర్టు వెయ్యాలంటే మెట్ట నుంచి ఎర్ర గ్రావెల్ తోలించి, తడిపి, రోలరు లాగి గట్టిపరుస్తారు. దాని మీద సున్నంతో గీతలు. కోర్టు పొడవు 78 అడుగులు, సింగిల్స్‌కి వెడల్పు 27 అడుగులు. ఇంత నేల ఉన్నా గొడవ వచ్చేది మాత్రం రెండంగుళాలు కూడా దాటని పక్కగీత దగ్గరే. బంతి ఆ గీత అంచుని వెంట్రుకవాసి తాకినా లోపల పడినట్టే లెక్క. తడి ఆరీ ఆరని మట్టి మీద బంతి పడితే కోలగా గుర్తు పడుతుంది. గీతని తాకితే సున్నం రేగుతుంది. వంగి చూడండి: గుర్తుకీ గీతకీ మధ్య సన్నటి ఎరుపు కనపడితే అవుట్, కనపడకపోతే లైన్. నేలే సాక్ష్యం చెబుతుంది. సిమెంటు కోర్టు మీద ఆ సాక్ష్యం లేదు. షటిల్ కోర్టులో అసలే లేదు. పైగా సాయంత్రం పూట ఏటి మీద నుంచి గాలి తోలిందంటే, లోపల పడాల్సిన కాక్ బయటికి, బయటికి పోవాల్సింది లోపలికి వస్తుంది. అలాంటప్పుడు ఉన్న సాక్షి ఒక్కడే, ఆడేవాడు.

1982లో పారిస్‌లో, ఫ్రెంచ్ ఓపెన్ సెమీఫైనల్లో స్వీడన్ కుర్రాడు మాట్స్ విలాండర్ అర్జెంటీనా ఆటగాడు హోసే లూయీస్ క్లెర్క్‌తో ఆడుతున్నాడు. విలాండర్‌కి అప్పటికి 17 ఏళ్లు. అతని మ్యాచ్ పాయింటు మీద క్లెర్క్ కొట్టిన బంతి అవుటని తీర్పు వచ్చింది. అంటే విలాండర్ గెలిచేశాడు. చెయ్యి కలిపి ఇంటికి పోవచ్చు. అతను మాత్రం అంపైరు దగ్గరికి వెళ్లి, ఆ బంతి బాగానే పడింది, నేనిలా గెలవలేనన్నాడు. ఆ పాయింటు మళ్లీ ఆడించారు. అదీ గెలిచాడు, తర్వాత ఫైనలూ గెలిచాడు.

ఈ కథ పిల్లలకి చెప్పడం తేలిక. నిజం చెప్పు, కప్పు వస్తుంది అని ముగించవచ్చు. కానీ 2005లో రోమ్‌లో జరిగినది కూడా పక్కన పెట్టి చెప్పాలి. అమెరికా ఆటగాడు ఆండీ రాడిక్ స్పెయిన్‌కి చెందిన ఫెర్నాండో వెర్డాస్కో మీద ఒక సెట్టు గెలిచి, రెండో సెట్లో మ్యాచ్ పాయింటు దాకా వచ్చాడు. వెర్డాస్కో రెండో సర్వీసు బయట పడిందని లైన్ జడ్జి కేకేశాడు. డబుల్ ఫాల్ట్, మ్యాచ్ రాడిక్‌ది. రాడిక్ ముందుకొచ్చి మట్టి మీది గుర్తు చూపించి, లేదు, గీతని తాకింది అన్నాడు. పాయింటు వెర్డాస్కోకి వెళ్లింది. ఆ తర్వాత ఆ సెట్టు పోయింది, మూడో సెట్టూ పోయింది, మ్యాచే పోయింది.

నాకు విలాండర్ కంటే రాడిక్ చేసిన పని పెద్దదనిపిస్తుంది. విలాండర్ మాట వల్ల ఆ పాయింటు మళ్లీ ఆడారు. రాడిక్ మాట వల్ల ఆ పాయింటు చేజారింది, దాంతోపాటు మ్యాచ్ కూడా. పిల్లలకి ముందు రాడిక్ గురించి చెప్పి తర్వాత విలాండర్ గురించి చెబితే బాగుంటుందని నా అభిప్రాయం. లేకపోతే నిజాయితీ కూడా గెలవడానికి ఒక ఉపాయమే అనుకుంటారు.

మన దగ్గర చిక్కు ఇంకో రకంగా వస్తుంది. క్లబ్బు కోర్టులో గానీ ఊరి కోర్టులో గానీ ఆడేవాళ్లంతా ఒక ఈడువాళ్లు కారు. బ్యాంకు మేనేజరు గారుంటారు, రిటైరైన మాస్టారుంటారు, రైసుమిల్లు యజమాని ఉంటారు, ఇంటర్ చదివే కుర్రాడూ ఉంటాడు. పెద్దవాళ్ల మాటకి ఎదురు చెప్పకూడదని మనం చిన్నప్పటి నుంచి నేర్పుతాం. అది మంచిదే. కానీ అదే అలవాటు కోర్టులోకి వచ్చేసరికి, పెద్దాయన అవుట్ అంటే అవుట్, లైన్ అంటే లైన్. కుర్రాడు ‘ఆయ్’ అని తన చోటుకి తను వెళ్లిపోతాడు. అతను ఒప్పుకున్నాడని పెద్దాయన అనుకుంటారు. అతను ఒప్పుకోలేదు, ఊరుకున్నాడు.

ఒక సాయంత్రం నేను చూసిన ఆట చెబుతాను. షటిల్ డబుల్స్. ఒక పక్క అరవై దాటిన ఒక మాస్టారు, ఆయనకి జోడీగా ఒక బ్యాంకు ఉద్యోగి. అవతల ఇద్దరు కాలేజీ కుర్రాళ్లు. పదిహేను పదమూడు మీద కుర్రాడు పక్కగీత వెంబడి గట్టిగా స్మాష్ కొట్టాడు. మాస్టారు కదల్లేదు. ‘అవుట్ రా అబ్బాయ్’ అన్నారు.

‘లైన్ అనుకుంటానండి మాస్టారూ’ అన్నాడు కుర్రాడు, గొంతు పెగలక.

‘ఇక్కడ నిలబడింది నేనా నువ్వా?’

కుర్రాడు ఇంక మాట్లాడలేదు. అవతలివాళ్ల సర్వీసు అందుకోవడానికి తన చోట నిలబడ్డాడు. అప్పుడు మాస్టారి జోడీ, ఆ బ్యాంకాయన, నెమ్మదిగా అన్నాడు: ‘లేదండి మాస్టారూ, నాకు బాగా కనపడింది. గీత మీదే పడింది. అబ్బాయిదే పాయింటు.’

మాస్టారు ఆయన వంక చూశారు, గీత వంక చూశారు. కాక్‌ని బ్యాటు మీద ఎగరేసి నెట్ మీదుగా అవతలికి అందించి, ‘అయితే మీదేరా, స్కోరు చెప్పి వెయ్యి’ అన్నారు. ఇంకో నాలుగైదు పాయింట్లు గడిచాయి. మాస్టారు కొట్టిన కాక్ ఒకటి ఆ కుర్రాడి బ్యాటు అంచుకి రాసుకుని గీత బయట పడింది. మాలో ఎవరమూ అది గమనించలేదు. మాస్టారూ గమనించలేదు. కుర్రాడే బ్యాటు పైకెత్తి, ‘తగిలిందండి, మీ పాయింటే’ అన్నాడు.

జోడీలో ఇద్దరి మాట కలవకపోతే బంతి లోపల పడినట్టే లెక్కెయ్యాలి. అనుమానం ఎదుటివాళ్లకి కలిసిరావాలన్న నియమంలోంచే ఇదీ వస్తుంది. ఆ బ్యాంకాయన కొత్తగా ఏమీ కనిపెట్టలేదు. కానీ తన పక్షం మీద తనే తీర్పు చెప్పాడు, అదీ తనకంటే పెద్దాయన మాట కాదని, ‘అండి’ అంటూనే చెప్పాడు. మన మర్యాదకీ ఆట మర్యాదకీ పొత్తు కుదరదని ఎవరైనా అంటే నాకు ఆ గొంతు గుర్తొస్తుంది. అసలు బరువు పెద్దవాళ్ల మీదే ఉంది. కుర్రాడు నోరు తెరిచి అడగక ముందే ‘నీకెలా కనపడిందిరా?’ అని మాస్టారు అడిగి ఉంటే అంత దాకా వచ్చేదే కాదు.

ఇక పందేలు. ఓడినవాళ్లు కూల్‌డ్రింకులు తాగించాలి, కాక్ డబ్బా కొనివ్వాలి, ఆత్రేయపురంలోనైతే పూతరేకులు పెట్టించాలి. ఇంతవరకు ముచ్చటే. ఇది డబ్బుగా మారిన రోజు నుంచి గీత సన్నబడిపోతుంది. ఐదు వందలో వెయ్యో మధ్యలో ఉంటే, రోజూ కలిసి టీ తాగే స్నేహితులే గీత దగ్గర వంగి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకుంటారు. సంక్రాంతి రోజుల్లో కోడిపందేల బరుల దగ్గర డబ్బు మనుషుల్ని ఎక్కడి దాకా తీసుకెళుతుందో మన జిల్లాల్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. దాన్ని ఆటస్థలంలోకి రానివ్వకండి. ఈ మాట నేను చాలా గట్టిగా చెబుతున్నాను.

అరుపుల గురించి రెండు మాటలు. పాయింటు గెలిచాక అరవడం తప్పా? నా దృష్టిలో కాదు. రియో ఒలింపిక్స్‌కి ముందు పి.వి.సింధు కోర్టులో నోరు విప్పేది కాదు. కోచ్ గోపీచంద్ ఆమెని అకాడమీ కోర్టు మధ్యలో నిలబెట్టి, అందరి ముందూ గట్టిగా అరిపించాడు. అరిస్తేనే ఆట అన్నాడు. అది తనలోని బిడియం పోవడానికి అరిచిన అరుపు. ఎదుటివాడి మొహంలోకి చూస్తూ, అతను తప్పు కొట్టినప్పుడు అరిచే అరుపు వేరు. అవతలివాడు డబుల్ ఫాల్ట్ చేస్తే చప్పట్లు కొట్టడం, సర్వీసు వెయ్యబోతుంటే వెనకనుంచి వెటకారం చెయ్యడం, ఓడిపోతున్నకొద్దీ లేసులు కట్టుకుంటూ కాలక్షేపం చెయ్యడం, ఇవన్నీ ఆ రెండో రకంలోకే వస్తాయి.

అదే రియోలో ఫైనల్ 2016 ఆగస్టు 19న జరిగింది. సింధు మొదటి గేమ్ 21-19తో గెలిచింది, తర్వాతి రెండూ 12-21, 15-21తో పోయాయి. స్పెయిన్ అమ్మాయి కరోలినా మారిన్ నేల మీద పడుకుని ఏడ్చేసింది. సింధు నెట్ దాటి వెళ్లి ఆమెని దగ్గరికి తీసుకుంది. కింద పడి ఉన్న మారిన్ బ్యాటు తీసి ఆమె సామాను దగ్గర పెట్టింది. ఒలింపిక్ బంగారు పతకం చేజారిన నిమిషంలో ఆ బ్యాటు ఆమె కంటికి ఆనింది చూశారా, అది నాకు ఎప్పటికీ ఆశ్చర్యమే.

అంపైరు ఉంటే అన్నీ సర్దుకుంటాయనీ అనుకోవద్దు. 2022 ఏప్రిల్‌లో మనీలాలో ఆసియా చాంపియన్‌షిప్ సెమీఫైనల్లో సింధు ఒక గేమ్ గెలిచి, రెండో గేమ్‌లో 14-11తో ముందుంది. సర్వీసు ఆలస్యం చేస్తోందని అంపైరు ఒక పాయింటు ప్రత్యర్థి యమగూచికి ఇచ్చేశాడు. సింధు వాదించింది, ఏడ్చింది, మ్యాచ్ ఓడిపోయింది. కొన్నాళ్లకి ఆసియా బ్యాడ్మింటన్ సంస్థ జరిగిన పొరపాటుకి క్షమాపణ చెబుతూ ఆమెకి ఉత్తరం రాసింది. అన్యాయం జరిగితే నోరు మూసుకోవడం మర్యాద కాదు. అడగాలి, మళ్లీ అడగాలి, ఆ తర్వాత ఆడాలి. సింధు ఆ మ్యాచ్ చివరిదాకా ఆడింది.

ఇప్పుడు క్లబ్బుల్లో ఎవరూ ఎత్తని విషయం ఒకటి. టెన్నిస్ క్లబ్బుల్లో మార్కర్ అని ఒకాయన ఉంటాడు. తెల్లవారకముందే వచ్చి కోర్టు తడిపేదీ, రోలరు లాగేదీ, సున్నం గీసేదీ, నెట్ బిగించేదీ ఆయనే. సభ్యుడికి జోడీ దొరక్కపోతే అవతల నిలబడి ఆడేదీ ఆయనే. చాలాచోట్ల క్లబ్బు మొత్తంలో అందరికంటే బాగా ఆడగలిగినవాడూ ఆయనే. ఆయన వయసు యాభై ఉంటుంది. సభ్యుల పిల్లలు ఆయన్ని ‘ఏరా’ అంటారు. బంతులు ఏరే కుర్రాడి సంగతి ఇంక చెప్పనక్కర్లేదు. బంతి చేతికి అందించకుండా మూలకి కొట్టి పరిగెత్తిస్తారు. అంపైరుతో, ప్రత్యర్థితో ఎంత సౌమ్యంగా ఉన్నా, ఆట అయ్యాక మార్కర్‌కి చెయ్యి కలపని మనిషిని నేను మంచి ఆటగాడిగా లెక్కెయ్యను.

అసలు కోర్టులోకి ఎవరు రావచ్చన్నది కూడా ఆట మర్యాదలో భాగమే. 1974లో భారత టెన్నిస్ జట్టు డేవిస్ కప్ ఫైనల్‌కి చేరింది. విజయ్, ఆనంద్ అమృత్‌రాజ్ సోదరులు మంచి ఊపు మీదున్నారు. ఫైనల్లో ఎదురుగా దక్షిణాఫ్రికా. మనిషిని ఒంటి రంగు చూసి వేరు చేసే ప్రభుత్వం అక్కడ నడుస్తోంది. అలాంటి దేశంతో ఆడేది లేదని భారత ప్రభుత్వం చెప్పేసింది. కప్పు ఆడకుండానే దక్షిణాఫ్రికాకి వెళ్లిపోయింది. భారతదేశం ఇవాళ్టి దాకా డేవిస్ కప్ గెలవలేదు. అంతటి కప్పు వదులుకున్న దేశంలో, ఊరి ఉమ్మడి స్థలంలో వేసిన కోర్టు దగ్గర ఫలానా పేట కుర్రాళ్లకి ఎప్పటికీ వంతు రాకపోవడం, ఆడపిల్లలు గట్టున నిలబడి చూసి వెళ్లిపోవడం నాకు మింగుడు పడవు. సానియా, సైనా, సింధు ఆడి పెరిగిన రాష్ట్రాలు మనవి. సాయంత్రం ఆరు నుంచి ఏడు దాకా కోర్టు ఆడపిల్లలదని రాసి పెట్టడానికి పైసా ఖర్చు లేదు.

మన కోనసీమ బిడ్డ సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి అమలాపురం కుర్రాడు. 2000లో పుట్టాడు. తండ్రి కాశీ విశ్వనాథం గారు వ్యాయామోపాధ్యాయులుగా పనిచేశారు. సాత్విక్ స్మాష్ వేగం గంటకి 565 కిలోమీటర్లని గిన్నిస్ వాళ్లు నమోదు చేశారు, అది అందరికీ తెలుసు. నేను చెప్పదలచుకున్నది టోక్యో ఒలింపిక్స్ సంగతి. 2021లో సాత్విక్, చిరాగ్ శెట్టి జోడీ గ్రూపులో మూడు మ్యాచ్‌లు ఆడి రెండు గెలిచింది. గెలిచిన రెంటిలో ఒకటి తైవాన్ జోడీ లీ యాంగ్, వాంగ్ చీలిన్ మీద. గ్రూపులో మూడు జోడీలకీ రెండేసి విజయాలు వచ్చాయి. గేముల లెక్క తీస్తే మనవాళ్లు బయట, తైవాన్ వాళ్లు లోపల. ఆ తైవాన్ జోడీయే చివరికి బంగారు పతకం గెలిచింది. తాము ఓడించినవాళ్ల మెడలో బంగారు పతకం చూడడం తేలిక కాదు. వీళ్లిద్దరూ మళ్లీ సాధనలో పడ్డారు. 2022లో భారత్‌కి మొదటి థామస్ కప్ తెచ్చిన జట్టులో ఉన్నారు, మరుసటేడు ఆసియా క్రీడల్లో బంగారు పతకం తెచ్చారు, ప్రపంచ నంబర్ వన్ అయ్యారు.

ఇలాంటి పిల్లల వెనక ఒక డ్రిల్లు మాస్టారు ఉంటారు. మన జిల్లా పరిషత్ హైస్కూళ్లలో బాల్ బ్యాడ్మింటన్, వాలీబాల్, కబడ్డీ నేర్పిన పీఈటీ మాస్టార్లే ఓడినవాడి చేత గెలిచినవాడికి చెయ్యి కలిపించింది. చెయ్యి కలపకపోతే మర్నాడు ఆటకి రానిచ్చేవారు కారు. చాలా బళ్లలో ఆ పీరియడ్‌ని లెక్కల మాస్టారికో సైన్సు మాస్టారికో ఇచ్చేస్తున్నారు. పబ్లిక్ పరీక్షల ముందు ఒక నెల అంటే అర్థం చేసుకోవచ్చు, ఏడాది పొడుగునా ఇవ్వడం మాత్రం పిల్లలకి జరిగే నష్టమే.

స్థానిక టోర్నమెంట్లలో ఒక మంచి పద్ధతి ఉంది. ఓడిన జట్టే తర్వాతి మ్యాచ్‌కి అంపైరింగ్ చెయ్యాలి. ఓడిన కోపంతో బ్యాటు సంచిలో పడేసి వెళ్లిపోవడానికి లేదు. కుర్చీలో కూర్చుని, రెండు పక్కలా సమానంగా చూసి, స్కోరు చెప్పాలి. పది నిమిషాలు అలా కూర్చున్నాక ఆ కోపం మిగలదు. గీత దగ్గర పడ్డ కాక్ పక్కనుంచి చూస్తే ఎంత కష్టమో అప్పుడే తెలుస్తుంది. చాలా ఊళ్లలో ఈ పద్ధతి పెద్దలకి వర్తించడం లేదు, పిల్లల చేతే చేయిస్తున్నారు. ఈ సంక్రాంతికి ఆత్రేయపురం చుట్టుపక్కల టోర్నమెంట్ పెట్టే కుర్రాళ్లు కరపత్రం అచ్చు వేయించేటప్పుడు, ఎంట్రీ ఫీజు కింద, బహుమతుల కింద, ఓడినవారు ఎంతటివారైనా తర్వాతి మ్యాచ్‌కి అంపైరింగ్ చెయ్యవలెను అని కూడా వేయించాలని కోరుతున్నాను. క్లబ్బు ప్రెసిడెంటు గారు ఓడిపోతే ఆ కుర్చీలో ముందు ఆయన్నే కూర్చోబెట్టండి.